మోతీలాల్ నెహ్రూ: కుమారుడి వెంట నడిచిన తండ్రి

తండ్రి ముఖం ఎరుగని వ్యక్తి ఓ పెద్ద కుటుంబానికి అర్ధ శతాబ్దం పాటు తండ్రిగా నిలిచాడు. 1857 తిరుగుబాటుకు ముందు ఢిల్లీలో కొత్వాల్‌గా పనిచేసిన గంగాధర్ నెహ్రూ, ఆ కల్లోలంలో సర్వం కోల్పోయి కుటుంబంతో ఆగ్రా చేరారు. 1861 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. మూడు నెలల తర్వాత, మే 6న మోతీలాల్ జన్మించారు. ఆ బిడ్డ పెంపకాన్ని అన్న నంద్‌లాల్ తీసుకున్నారు. రాజస్థాన్‌లోని ఖేత్రీ సంస్థానంలో దివాన్‌గా ఉండి, తర్వాత న్యాయవాదిగా మారిన నంద్‌లాల్, హైకోర్టు ఆగ్రా నుంచి తరలిపోవడంతో అలహాబాద్ (నేటి ప్రయాగరాజ్)లో స్థిరపడ్డారు. తమ్ముడిని ఆయన కన్నకొడుకులా చూసుకున్నారు.

పన్నెండేళ్ల వరకూ మోతీలాల్ చదువు పారసీ, అరబ్బీ భాషల్లోనే సాగింది. ఆంగ్లం ఆ తర్వాతే మొదలైంది. కళాశాలలో ఆయన పేరు చదువు కంటే అల్లరి వల్లే ఎక్కువగా వినిపించేది. ఆగ్రాలో జరిగిన బీఏ పరీక్షలో మొదటి పత్రం సరిగా రాయలేదని తానే తీర్మానించుకుని, మిగిలిన పరీక్షలకు వెళ్లకుండా తాజ్‌మహల్ వద్ద కాలక్షేపం చేశారు. తీరా చూస్తే ఆ పత్రం బాగానే రాశారని ఆచార్యుడు చెప్పారు. పట్టా మాత్రం ఎన్నటికీ రాలేదు. 1883లో వకీలు పరీక్షలో ప్రథమ స్థానంలో నిలిచి ఆ లోటును పూడ్చుకున్నారు. కాన్పూర్‌లో మూడేళ్లు పనిచేసి, 1886లో అన్న ఉన్న అలహాబాద్‌కు వచ్చారు.

మరుసటి ఏడాది నంద్‌లాల్ మరణించారు. ఆయన భార్య, ఐదుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెల బాధ్యత పాతికేళ్ల మోతీలాల్ భుజాలపై పడింది. అప్పటికే తొలి భార్యనూ, బిడ్డనూ పోగొట్టుకున్న మనిషి ఆయన. అన్నగారి పిల్లలను సొంత పిల్లలతో సమంగా పెంచారు. వారిలో ఒకరైన బ్రిజ్‌లాల్‌ను ఆక్స్‌ఫర్డ్‌లో చదివించారు. ఈయన భార్య రామేశ్వరీ నెహ్రూయే తర్వాతి కాలంలో స్త్రీ దర్పణ్ మాసపత్రికకు సంపాదకురాలయ్యారు. మోతీలాల్ న్యాయస్థానంలో రాత్రింబవళ్లు శ్రమించి ఆర్జించింది తొలుత ఈ కుటుంబం కోసమే. వైభవం ఆ తర్వాత వచ్చింది.

స్వరూప్ రాణితో వివాహానంతరం 1889లో జవహర్‌లాల్, 1900లో విజయలక్ష్మి, 1907లో కృష్ణ జన్మించారు. ఆనంద్ భవన్ భోగభాగ్యాలపై అనేక కథలు పుట్టాయి. దుస్తులను ఉతికించడానికి పారిస్ పంపేవారన్నది వాటిలో మరీ విడ్డూరమైనది, అబద్ధం కూడా. 1899లో ఐరోపా వెళ్లివచ్చాక ప్రాయశ్చిత్తం చేసుకోవాలని కశ్మీరీ పండితుల్లోని ఛాందసులు పట్టుబట్టగా, ఆయన నిరాకరించి వెలికి సిద్ధపడ్డారు. ఆయన కోపం కూడా అందరికీ తెలిసినదే. బల్లపై ఉన్న రెండు కలాల్లో ఒకటి తీసుకున్నందుకు చిన్నారి జవహర్‌కు తగిలిన దెబ్బలు కొన్ని రోజుల వరకూ మానలేదు.

1905లో కుమారుణ్ని ఇంగ్లండ్‌లోని హారో పాఠశాలలో చేర్పించి వచ్చారు. కేంబ్రిడ్జ్ చదువు, బారిస్టర్ పట్టా ముగించుకుని 1912లో జవహర్ తిరిగివచ్చారు. తన తర్వాత అలహాబాద్ హైకోర్టులో కుమారుడు వెలుగుతాడన్నది తండ్రి ఆశ. 1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీజీ పిలుపునిచ్చినప్పుడు ఆ ఆశకు గండిపడింది. జైలుకు వెళ్లడానికి జవహర్ ఉవ్విళ్లూరారు. చట్టాన్నే నమ్ముకుని బతికిన మోతీలాల్‌కు ఇది మింగుడుపడలేదు. ఇంట్లో రోజుల తరబడి వాదనలు సాగాయి. ఆ రోజుల్లోనే ఆయన ఎవరికీ చెప్పకుండా ఓ రాత్రి నేలపై పడుకుని చూశారు. జైలులో కుమారుడి పడక ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి.

జలియన్‌వాలా బాగ్ మారణకాండ ఆయన తర్జనభర్జనకు ముగింపు పలికింది. 1920లో సహాయ నిరాకరణకు మద్దతు పలికి వృత్తిని వదులుకున్నారు. గుర్రాలు, బండ్లు అమ్ముడుపోయాయి, నౌకర్లు తగ్గారు, విదేశీ వస్త్రాలు మంటల్లో కాలాయి. 1921 డిసెంబర్ 6న తండ్రీకొడుకులను ఒకేరోజు అరెస్టు చేశారు. విచారణ సాగినంతసేపూ నాలుగేళ్ల మనవరాలు ఇందిర తాత ఒడిలోనే కూర్చుంది. ఆరు నెలల శిక్షతో పాటు జరిమానా పడింది. చెల్లించడానికి కుటుంబం ఒప్పుకోకపోవడంతో పోలీసులు ఇంటి తివాచీలు, సామాన్లు పట్టుకుపోయారు.

చిత్తరంజన్ దాస్‌తో కలిసి 1923లో స్వరాజ్ పార్టీని స్థాపించి, కేంద్ర శాసనసభలో ప్రతిపక్షాన్ని నడిపించారు. అదే ఏడాది నాభా సంస్థానంలో జవహర్‌ను నిర్బంధించారని తెలియగానే వైస్రాయికే తంతి పంపి, అక్కడికి పరుగెత్తారు. రాజకీయంగా మాత్రం ఇద్దరి మధ్య దూరం పెరిగింది. 1928లో మోతీలాల్ పేరిట వచ్చిన నివేదిక డొమినియన్ ప్రతిపత్తి కోరితే, సంపూర్ణ స్వాతంత్ర్యం తప్ప మరేదీ వద్దని కుమారుడు బహిరంగంగా వ్యతిరేకించారు. తండ్రికి అది గాయమే. అయినా తదుపరి కాంగ్రెస్ అధ్యక్ష పీఠానికి జవహర్ పేరును గాంధీజీకి పదేపదే సూచించినదీ ఆయనే. 1929లో లాహోర్‌లో తండ్రి నుంచి కుమారుడు ఆ బాధ్యత అందుకున్నారు.

1930లో పాత ఆనంద్ భవన్‌ను స్వరాజ్ భవన్‌గా మార్చి జాతికి అప్పగించారు. ఉబ్బసంతో బాధపడుతూనే జూన్ 30న నైనీ జైలుకు వెళ్లారు. అక్కడ తండ్రికి సేవ చేసే అవకాశం జవహర్‌కు దక్కింది. ఆరోగ్యం క్షీణించడంతో పది వారాలకే ఆయనను విడుదల చేశారు. అక్టోబర్ 19న మస్సూరీ నుంచి తిరిగివచ్చిన తండ్రిని స్టేషన్‌లో కలుసుకుని, సభకు వెళ్లి వస్తున్న జవహర్‌ను ఇంటి గుమ్మం దాకా రానివ్వకుండానే మళ్లీ అరెస్టు చేశారు. ఇంట్లో ఎదురుచూస్తున్న రోగి ఆ కబురు వినగానే నిటారుగా నిలబడ్డారు. ఇక తాను జబ్బుమనిషిని కానని ప్రకటించి పనిలోకి దిగారు. నవంబర్ 14న దేశమంతటా జవహర్ దినం జరిపించారు.

శరీరం ఎక్కువ రోజులు సహకరించలేదు. 1931 జనవరి 26న విడుదలై జవహర్ ఇంటికి చేరేసరికి తండ్రి ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయి ఉంది. చికిత్స కోసం లక్నోకు తరలించగా ఫిబ్రవరి 6 తెల్లవారుజామున తుదిశ్వాస విడిచారు. జాతీయ పతాకం కప్పిన భౌతికకాయాన్ని రోడ్డు మార్గంలో అలహాబాద్ తీసుకొచ్చారు. ఆ సాయంత్రం గంగా తీరాన జనసంద్రం నడుమ కుమారుడు చితికి నిప్పంటించారు.