గ్రంథభాండాగారి అబ్బూరి రామకృష్ణారావుగారు

ధనాగారమును కాచువాడు తలుపులు మూసి మెప్పు పొందును. గ్రంథభాండాగారమును కాచువాడు తలుపులు తెరచి మెప్పు పొందవలయును. ఈ రెండవ కొలువును వన్నెకెక్కించిన మహనీయులలో శ్రీ అబ్బూరి రామకృష్ణారావుగారు ఒకరు.

వీరు 1896వ సంవత్సరమున తెనాలి ప్రాంతమందలి అనంతవరమున జన్మించిరి. సంస్కృతాంధ్రములయందు ప్రవీణులై, చిన్న వయసుననే మల్లికాంబ, ఊహాగానము అను కావ్యములు రచించి, భావకవులలో ముందువరుసను నిలిచిరి. నదీసుందరి యను నాటికయు వీరిదే.

1926లో బెజవాడయందు వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు చేరెను. ఆ పరిషత్తు గ్రంథాలయమునకు రామకృష్ణారావుగారు అధికారులైరి. విజయనగరము ఆ కాలమున విశాఖపట్టణము జిల్లాలోనిదే, శ్రీకాకుళమును 1936లో ఆ జిల్లాలో చేరెను గనుక, పైచదువులకు వెడలిన మన సీమ బిడ్డలకు ఆ పుస్తకనిధి పొరుగింటి పెన్నిధివంటిది.

గ్రంథాలయాధికారి పని తేలికైనది కాదు. వచ్చిన ప్రతి గ్రంథమును పట్టీలో నెక్కించి, విషయమునుబట్టి సంఖ్య వేసి, అరలో దాని చోటున నిలుపవలయును. అడంగలులో అంకె తప్పిన భూమి ఎట్లు తగవులపాలగునో, సంఖ్య తప్పిన గ్రంథమట్లే అరలో నుండియు లేనిదగును. చెన్నపురి విశ్వవిద్యాలయమున శ్రీ రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్రమునకు పంచసూత్రములు ప్రకటించి, పుస్తకము దాచుటకు గాక చదువుటకే యని చాటిన కాలమది.

కవి యైనవాడు ఒరుల గ్రంథములకు కావలి యుండుట సాహిత్యమునకు నష్టము కాదా యని కొందరడుగవచ్చును. వీరి రచనలు ప్రతిభకు తగినన్ని వెలువడలేదనుట నిజము; అది లోటే. కాని తాము చదివిన దానిని తమయందే దాచుకొనిన వారు కారు. శ్రీశ్రీ వంటి యువకవులకు నవీన సాహిత్యపు దారులు చూపిరి. నాటకప్రయోక్తలై రంగస్థలమునకు కొత్త వెలుగు తెచ్చిరి. మానవేంద్రనాథ రాయ్‌గారి భావములను తెలుగునాట వ్యాపింపజేసిరి.

1979లో వీరు దివంగతులైరి. వీరి కోడలు, ప్రసిద్ధ కథారచయిత్రి అబ్బూరి ఛాయాదేవిగారు, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసిరి. ఆ విధముగా మామగారి వృత్తి ఆ యింట నిలిచినది.

కవి వ్రాసిన పుస్తకముపై కవి పేరుండును. దానిని తగిన వాని చేతికందించిన వాని పేరు ఎచ్చటను ఉండదు. అయినను ఆ చదువు ఫలించిన చోటనెల్ల వాని పాలు కలదు. ఇరువదియైదేండ్లుగా మన గ్రామమున పుస్తకము లందించుచున్న చేతులకు ఈ జీవితము ఆదర్శమగుగాక.