మొన విరగని మనిషి – నికోలా జాక్ కోంటే

 

పెన్సిల్ పొట్టును పాలలో నానబెడితే రబ్బరు అవుతుందని మనందరం చిన్నప్పుడు నమ్మినవాళ్లమే. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు మా రూములో ఇరవై రెండు మందిమి. పాలు దొరకక మజ్జిగలో వేసి చూశాం. రబ్బరు రాలేదు గానీ కామాటి చేత తిట్లు మాత్రం వచ్చాయి. ఆ ఇరవై రెండు మందికీ ఉన్నది ఒక్కటే షార్ప్‌నర్. అది ఎవరి ట్రంకు పెట్టెలో ఉంటే ఆ రోజుకు వాడే నాయకుడు. మిగతావాళ్లం అరిగిపోయిన బ్లేడు ముక్కతో చెక్కుకునేవాళ్లం. నా ఎడమ చేతి బొటనవేలి మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక, ఒకసారి సెలవుల్లో పాత ఇనుప సామాన్ల కొట్టులో బల్లకు బిగించి పిడి తిప్పే పాత షార్ప్‌నర్ కనబడింది. నలభై రూపాయలిచ్చి కొన్నాను. పిడి కదలడం లేదు. విప్పి, రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టాను. లోపల మెలి తిరిగిన పళ్లున్న రెండు ఉక్కు రోలర్లు ఉన్నాయి. పిడి తిప్పితే అవి తమ చుట్టూ తాము తిరుగుతూ పెన్సిల్ చుట్టూ కూడా తిరుగుతాయి. గరుకు కాగితంతో రుద్దితే పళ్ల పదును పోతుంది కాబట్టి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కొక్క గాడి వెంట తోముతూ పోయాను. తర్వాత రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేశాను. మూడో రోజు పిడి తిరిగింది.

ఆ పళ్ల మధ్య నుంచి నల్లటి ముద్ద ఒకటి వచ్చింది. అది నా వేళ్లకు రెండు రోజుల దాకా వదల్లేదు. ఎన్నో ఏళ్లుగా ఎందరో పిల్లల పెన్సిళ్ల నుంచి రాలిన పొడి అది. అందులో ముఖ్యంగా ఉన్నవి రెండు పదార్థాలు, గ్రాఫైటూ బంకమట్టీ. ఆ రెండింటినీ కలిపిన మనిషి గురించి చదివాక, ఈసారి వార్షికోత్సవ సంచికకు ఆయన గురించే రాయాలనుకున్నాను.

బాల్యం

నికోలా జాక్ కోంటే 1755 ఆగస్టు 4న ఫ్రాన్స్ దేశంలో నార్మండీ ప్రాంతంలోని సేయ్ అనే చిన్న పట్టణం దగ్గర పల్లెటూళ్లో పుట్టాడు. వాళ్లది భూమిని నమ్ముకున్న సామాన్య కుటుంబం. చిన్నతనంలోనే ఒక్క చాకు సాయంతో వయొలిన్ చేశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. సేయ్‌లోని ధర్మాసుపత్రిలో పనిలో కుదిరాడు. అక్కడి ప్రార్థన మందిరానికి బొమ్మలు వేసే అవకాశం వస్తే, కుర్రవాడైనా వెనకాడకుండా వేశాడు. ఆ బొమ్మలే ఆయనకు చిత్రకారుడిగా పేరు తెచ్చాయి.

తర్వాత పారిస్ చేరి మనుషుల బొమ్మలు వేస్తూ బతికాడు. కుంచెతో సంపాదించిన డబ్బును సైన్సుకూ యంత్రాలకూ ఖర్చు పెట్టాడు. ఇంటర్‌లో మనం చదివే చార్లెస్ నియమం గుర్తుందా? ఆ చార్లెస్ పారిస్‌లో భౌతికశాస్త్ర ఉపన్యాసాలు ఇచ్చేవాడు. అవి వినడానికి వెళ్లినవాళ్లలో కోంటే ఒకడు.

పెన్సిల్ కథ

అప్పట్లో మంచి పెన్సిల్ కావాలంటే ఇంగ్లండులోని బారోడేల్ గనుల గ్రాఫైటే గతి. అక్కడ గ్రాఫైటు గట్టి గడ్డలుగా దొరికేది. దాన్ని రంపంతో సన్నని పుల్లలుగా కోసి చెక్కలో పెట్టేవారు. 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1793లో ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ యుద్ధం మొదలైంది. సరుకు ఆగిపోయింది. పటాలు గీసే సైనికులకూ, లెక్కలు వేసే ఇంజనీర్లకూ పెన్సిళ్లు కరువయ్యాయి. ప్రభుత్వంలో కీలక స్థానంలో ఉన్న లాజార్ కార్నో, దిగుమతి లేకుండా పెన్సిల్ చేసే దారి కనిపెట్టమని కోంటేను అడిగాడు.

ఫ్రాన్స్‌లో దొరికే గ్రాఫైటు నాసిరకం, పొడిపొడిగా ఉండేది. గడ్డ లేనప్పుడు పొడితోనే పని చేసుకోవాలనుకున్నాడు కోంటే. గ్రాఫైటును మెత్తగా నూరి శుభ్రం చేశాడు. దానికి మెత్తని బంకమట్టి, నీళ్లు కలిపి ముద్ద చేసి, సన్నని గాళ్లలో ఒత్తి ఆరబెట్టాడు. ఆ పుల్లల్ని బట్టీలో కాల్చాడు. మన కుమ్మరి కుండను కాల్చి గట్టిపరిచినట్టే, పుల్లలోని మట్టి కాలి గ్రాఫైటు పొడిని పట్టి ఉంచింది.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మట్టి పాలు పెంచితే పుల్ల గట్టిపడి గీత సన్నగా, లేతగా పడుతుంది. మట్టి తగ్గిస్తే మెత్తబడి గీత నల్లగా పడుతుంది. గని ఏది ఇస్తే అది వాడుకునే రోజులు పోయి, ఎలాంటి గీత కావాలంటే అలాంటి పెన్సిల్ చేసుకునే రోజులు వచ్చాయి. ఇవాళ మన పెన్సిళ్ల మీద కనిపించే హెచ్, బి అక్షరాల వెనుక ఉన్నది ఈ లెక్కే. 1795 జనవరిలో కోంటేకు పేటెంటు వచ్చింది. పెన్సిల్‌లో ఉండేదాన్ని మనం లెడ్ అంటాం గానీ అందులో సీసం లేదు. ఇప్పటికీ పెన్సిల్ పుల్ల తయారయ్యేది ముఖ్యంగా గ్రాఫైటు, బంకమట్టితోనే.

కన్ను పోయినా

ఆ సంవత్సరాల్లోనే పారిస్ దగ్గర మ్యూడాన్‌లో సైన్యం కోసం బెలూన్లు తయారుచేసే బాధ్యత కూడా కోంటేదే. బెలూన్లలో హైడ్రోజన్ వాయువు నింపేవారు. ఒకనాడు ప్రయోగం చేస్తుండగా అది పేలి ఆయన ఎడమ కన్ను పోయింది. చూపు మీదే బతికిన చిత్రకారుడికి అది ఎంత దెబ్బో ఊహించండి. ఆ తర్వాత బొమ్మల్లో ఆయన ఎడమ కంటికి పట్టీ కనిపిస్తుంది. పని మాత్రం ఆగలేదు. 1794లో పారిస్‌లో ఏర్పడిన కళల, వృత్తుల సంస్థను నిలబెట్టినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. యంత్రాలను ఒకచోట చేర్చి, పనివాళ్లకు చూపించి నేర్పించడం దాని ఉద్దేశం.

ఈజిప్టులో

1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తినప్పుడు వెంట తీసుకెళ్లిన పండితుల్లో కోంటే ఒకడు. ఆగస్టు 1న ఇంగ్లండు నౌకాదళం నైలు యుద్ధంలో ఫ్రెంచి ఓడలను నాశనం చేసింది. స్వదేశానికి దారి మూసుకుపోయింది. పనిముట్లలో చాలా భాగం సముద్రం పాలయ్యాయి. అక్టోబరులో కైరో జనం తిరగబడినప్పుడు మిగిలిన వాటిలోనూ ఎన్నో పోయాయి.

అప్పుడు కోంటే చేసిన పని నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్దదిగా అనిపిస్తుంది. ముందు పనిముట్లు చేసే పనిముట్లు చేసుకున్నాడు. వాటితో వర్క్‌షాపులు నిలబెట్టాడు. పిండి మరలు, బట్టలు, నాణేల ముద్రణకు యంత్రాలు, వైద్యుల కత్తులు, కొలత పరికరాలు, అన్నీ అక్కడ దొరికిన సామానుతోనే తయారుచేయించాడు. ఒక పక్క అక్కడి చేతివృత్తులవాళ్లు పని చేసే తీరును గమనించి బొమ్మలు గీశాడు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఆ మరలూ బట్టలూ ఈజిప్టు ప్రజల కోసం కాదు, వాళ్ల దేశాన్ని ఆక్రమించిన సైన్యం కోసం. అదే నేర్పుతో ఆ సైన్యానికి కత్తులు, మందుగుండు కూడా సమకూర్చాడు. జనం తిరగబడటానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఆయన నేర్పును మెచ్చుకుందాం, అది ఎవరికి పనికొచ్చిందో కూడా గుర్తుపెట్టుకుందాం. చదువుకున్న మనకు ఆ ప్రశ్న రేపు ఎదురవుతుంది.

చివరి రోజులు

1801లో ఫ్రెంచివాళ్లు ఈజిప్టు వదిలి వచ్చారు. అక్కడ సేకరించిన విశేషాలతో పెద్ద గ్రంథాన్ని అచ్చు వేసే పనిని ప్రభుత్వం తలపెట్టి, ఆ బాధ్యత కోంటేకు ఇచ్చింది. రాగి రేకుల మీద వందలాది బొమ్మలు చెక్కాలి. ఆకాశం చూపాలంటే ఒకదాని పక్కన ఒకటి వేల గీతలు సమంగా పడాలి. చేత్తో నెలలు పట్టే ఆ పనికి కోంటే ఒక యంత్రం చేశాడు. దానితో అది రోజుల్లో పూర్తయ్యేది. అచ్చయిన గ్రంథాన్ని మాత్రం ఆయన చూడలేదు. 1805 డిసెంబరు 6న, యాభై ఏళ్లకే పారిస్‌లో కన్నుమూశాడు. పెన్సిళ్ల ఫ్యాక్టరీని ఆయన అల్లుడు నడిపించాడు. సేయ్‌లో ఆయన విగ్రహం ఉంది. బొమ్మలు వేసేవాళ్లు వాడే ఒక రకం సుద్దకు ఇప్పటికీ కోంటే పేరే.

ఆయన తర్వాత

కోంటే కాలంలో పెన్సిల్ చెక్కడానికి చాకే ఆధారం. 1828లో లసిమోన్ అనే ఫ్రెంచి లెక్కల మనిషి పెన్సిల్ చెక్కే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. 1897లో అమెరికాలోని ఫాల్ రివర్ పట్టణానికి చెందిన జాన్ లీ లవ్ అనే నల్లజాతి వడ్రంగి, పిడి తిప్పితే పొట్టు లోపలే పడే చిన్న షార్ప్‌నర్‌కు పేటెంటు పొందాడు. ఒక వడ్రంగి పేరు పేటెంటు కాగితం మీద ఉండటం నాకెంతో ధైర్యమిచ్చింది. మా నాన్న సంతకం చేయడం నా పదో తరగతి ఫారం మీదే నేర్చుకున్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే.

తమ్ముళ్లూ, మనకు లేనివాటి జాబితా నాకు తెలుసు. నేనూ ఆ జాబితా పట్టుకుని కొన్నేళ్లు కూర్చున్నవాణ్ణే. కోంటేకు గడ్డ గ్రాఫైటు దొరకలేదు, పొడితో చేశాడు. పనిముట్లు పోయాయి, ముందు వాటినే చేసుకున్నాడు. నేను బాగుచేసిన ఆ షార్ప్‌నర్‌ను వార్షికోత్సవం రోజున మన స్టడీ హాల్ బల్లకు బిగించి వెళ్తాను. నెలకొకసారి పొట్టు దులిపి, ఒక చుక్క నూనె వేయండి. ఎవరి ట్రంకు పెట్టెలోనూ దాచకండి, అది అందరిదీ.