చెట్టు కొమ్మల మీంచి అరిచిన అరుపు

మొన్న సంక్రాంతికి మా అమలాపురం పక్కనే క్రికెట్ టోర్నమెంటు పెడితే ఎల్లానండి. ఆట కంటే డీజే గోలే ఎక్కువ. సిక్సర్ పడితే కుర్రోళ్లు గొంతు చించుకుంటన్నారు గానీ, ఏ పేటోడు కొడితే ఆ పేటోళ్లే అరుస్తన్నారు. నాకు సీకే నాయుడు గారు గుర్తొచ్చారు.

తెలుగింట్లోనే, 1895లో నాగపూర్‌లో పుట్టారాయన. 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండ్ నుంచొచ్చిన ఎంసీసీ మీద బ్యాటు పట్టారు. ఆ జింఖానా తెల్లోళ్ల క్లబ్బు, మనోళ్లకి మెంబరుషిప్పే లేదు. అక్కడ సీకే రెండు గంటల్లోపే 153 కొట్టారు. అందులో 11 సిక్సర్లు! కబురు పాకిపోయి జనం ఆఫీసులొదిలేసి పరిగెత్తుకొచ్చారు. చోటు చాలక మేడలెక్కారు, చెట్లెక్కారు. మెంబరుగా రానివ్వని చోట, కొమ్మల మీద కూచుని అరిచిన అరుపది. దాని ముందు మన డీజే ఎంతండి? జట్టు పేరు మాత్రం హిందూస్. అప్పట్లో బొంబాయిలో మతానికో జట్టు, ఆ మాటా దాచకూడదు.

1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టు. కెప్టెనుగా ఎంచింది పోరుబందరు మహారాజుని. ఆయన తప్పుకున్నాకే మామూలు మనిషైన సీకేకి ఆ పని దక్కింది. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 చేశారు, జట్టులో అదే ఎక్కువ. యాభయ్యేళ్లప్పుడు రంజీలో డబుల్ సెంచరీ కొట్టి, 1967లో ఇండోర్‌లో పోయారు.

టోర్నమెంటు కమిటీ కుర్రోళ్లని అడిగాను, వచ్చే ఏడు పేటలోరీగా కాకండా చీటీలేసి జట్లు కలపండ్రా అని. చూద్దాం బాబాయ్ అన్నారు.