విరిగిన క్రాంక్‌షాఫ్ట్ నేర్పిన పాఠం: హెన్రీ రాయిస్ జీవితం

పిస్టన్ల కదలికను భ్రమణంగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ విరిగితే ఎంతటి ఇంజిన్ అయినా నిరుపయోగమే. ఆ సత్యాన్ని తన తొలి కార్లలోనే చవిచూసి, దానిని జయించిన ఇంజినీరు హెన్రీ రాయిస్.

1863 మార్చి 27న ఇంగ్లండ్‌లోని ఆల్వాల్టన్ గ్రామంలో ఆయన జన్మించారు. తొమ్మిదేళ్ల ప్రాయంలో తండ్రిని కోల్పోయి, వార్తాపత్రికలు అమ్మారు, తంతి సందేశాలు చేరవేశారు. పీటర్‌బరో రైల్వే కర్మాగారంలో ప్రారంభించిన శిక్షణ సైతం డబ్బు లేక మధ్యలోనే ఆగిపోయింది. 1884లో మాంచెస్టర్‌లో విద్యుత్ పరికరాల తయారీ చేపట్టిన రాయిస్, 1904లో తొలి కారును నిర్మించారు. అదే సంవత్సరం మే 4న చార్లెస్ రోల్స్‌తో ఏర్పడిన పరిచయం రోల్స్ రాయిస్ సంస్థకు పునాది అయింది.

అయితే వారి ఆరు సిలిండర్ల కారులో క్రాంక్‌షాఫ్ట్‌లు విరగసాగాయి. సిలిండర్‌లో ఇంధనం మండిన ప్రతిసారీ షాఫ్ట్ స్వల్పంగా మెలిపడి, తిరిగి సర్దుకుంటుంది. ఉయ్యాలను సరిగ్గా అదను చూసి నెట్టినట్లు, కొన్ని వేగాల వద్ద ఈ తాకిడులు ఒకదానికొకటి తోడై ప్రకంపనను పెంచుతాయి. పొడవైన సన్నని షాఫ్ట్ దానికి తాళలేదు.

1906లో రూపొందిన 40/50 కారులో రాయిస్ షాఫ్ట్ జర్నళ్లను, అంటే బేరింగ్‌లలో తిరిగే భాగాలను, లావుగా మలిచారు. ఏడు బేరింగ్‌ల ఆధారమిచ్చి, ఒత్తిడితో నూనె అందే ఏర్పాటు చేశారు. జర్నల్ వ్యాసం 20 శాతం పెరిగితే మెలికను నిరోధించే దృఢత్వం రెట్టింపవుతుంది. కానీ అదే వేగంలో దాని ఉపరితలం 20 శాతం ఎక్కువ దూరం జారుతుంది. ఘర్షణ, వేడి, బరువు పెరుగుతాయి. అందుకే లావు ఒక్కటే చాలదు, నూనె సరఫరా కూడా అందుకు తగినట్లు ఉండాలి. 1907లో సిల్వర్ ఘోస్ట్‌గా పేరొందిన ఆ కారు నిరాటంకంగా 14,371 మైళ్లు నడిచి ఈ రూపకల్పన మన్నికను నిరూపించింది. ఆ శ్రేణికి చెందిన నిజాం కారు నేటికీ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది.

1911లో తీవ్ర అనారోగ్యం పాలైన రాయిస్, అటుపిమ్మట కర్మాగారానికి దూరంగా ఉంటూనే రూపకల్పనలను పర్యవేక్షించారు. ష్నైడర్ ట్రోఫీ విమాన పందేల కోసం తయారైన 'ఆర్' ఇంజిన్‌ను పూర్తి శక్తితో నడిపి, ఏ భాగం విరిగితే ఆ భాగాన్ని బలపరచి మళ్లీ పరీక్షించేవారు. 1929లో సుమారు 1,900గా ఉన్న దాని అశ్వశక్తి, 1931 నాటికి 2,300కు చేరింది. ఆ సెప్టెంబరులో బ్రిటన్ ట్రోఫీని శాశ్వతంగా దక్కించుకోగా, అదే నెల 29న ఆ ఇంజిన్‌తో ఎగిరిన విమానం గంటకు 400 మైళ్ల వేగాన్ని దాటింది.

1933 ఏప్రిల్ 22న రాయిస్ కన్నుమూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధ విమానాలకు శక్తినిచ్చిన మెర్లిన్ ఇంజిన్‌కు నాంది పలికింది ఆయన హయాంలోనే. ఆ ఇంజిన్ తొలిసారి నడిచింది ఆయన మరణించిన కొద్ది నెలలకు, అదే ఏడాది అక్టోబరులో.