కొండలెక్కిన జగద్గురువులు

మంగినపూడి తీరాన నిలబడి చుట్టూ చూడండి. ఒకవైపు సముద్రం, మిగతా అంతా చదును నేల. బందరు, గుడివాడ, దివిసీమ విచారణల్లోని మనకు కొండ అనగానే గుర్తొచ్చేది గుణదల. ఫిబ్రవరిలో మరియమాత ఉత్సవాలకు పిల్లాపాపలతో వెళ్లి, కొండెక్కి, సిలువ దగ్గర ఆయాసం తీర్చుకుంటాం. ఆ ఆయాసాన్ని బాగా ఎరిగిన ఒక పోపుగారి గురించి ఈ వారం తెలుసుకుందాం.

ఆయన 11వ పయస్ జగద్గురువులు. అసలు పేరు అకిల్లె రాత్తి. 1857 మే 31న ఇటలీలోని మిలాన్‌కు ఉత్తరాన దేసియో అనే ఊళ్లో పుట్టారు. తండ్రి పట్టు మిల్లులో మేనేజరు. సెలవులొస్తే బాలుడు అస్సో విచారణ గురువైన తండ్రి సోదరుని ఇంటికి వెళ్లేవాడు. కోమో సరస్సు రెండు పాయల నడుమ ఉన్న కొండ ఊరు అది. కింద సరస్సులు, పైన కొండల వరుసలు. సెలవు రోజుల్లో ఈనాటికీ ఎన్నో కుటుంబాలు ఆ కొండదారుల్లో నడుస్తుంటాయి. ఆ పిల్లవాని కాళ్లకు కొండల రుచి తగిలింది అక్కడే.

1879లో గురువయ్యారు. 1888 నుంచి మిలాన్‌లోని ఆంబ్రోజియన్ గ్రంథాలయంలో పాత వ్రాతప్రతుల నడుమ పని. సెలవు దొరికితే మాత్రం ఆల్ప్స్ పర్వతాలే.

1889 జూలైలో ఆయన, తోటి గురువు గ్రాసెల్లి, ఇద్దరు కొండవాళ్లు కలిసి మంచు నిండిన మోంతే రోజా తూర్పు ముఖం ఎక్కారు. 4,634 మీటర్ల శిఖరం చేరేసరికి పొద్దువాలింది. చీకట్లో దిగబోతే ప్రాణాలు దక్కవు. అందుకని శిఖరానికి కాస్త దిగువన ఇరుకైన రాతి అంచుమీద తెల్లవార్లూ కూర్చున్నారు. ఆ చలిలో నిద్రపోతే చావే. కాబట్టి ఎవరూ కన్ను మూయలేదు. వెలుగు వచ్చాక జెర్మాట్ వైపు దిగారు. మరుసటి నెలలో మాటర్‌హార్న్, 1890లో మోం బ్లాం ఎక్కారు.

1922 ఫిబ్రవరి 6న ఆయన పోపుగా ఎన్నికయ్యారు. 1870 నుంచి ఏ పోపూ వాటికన్ గడప దాటలేదు. 1929 ఒప్పందంతోగాని ఆ చిక్కు వీడలేదు. శిఖరాలెక్కిన మనిషికి తోటలో నడకే మిగిలింది. 1923లో పునీత బెర్నార్డును పర్వతారోహకుల పాలక పునీతునిగా ప్రకటించారు. తాను మాత్రం ఆ కొండలు మళ్లీ ఎక్కలేదు.

కాని ఆయన చూపు నాలుగు గోడల మధ్య ఆగిపోలేదు. 1926లో మిలాన్, రోము మిషనరీ సంఘాలను కలిపి పీమే సంస్థను ఏర్పరచారు. మన కృష్ణా పల్లెల్లో తిరిగి విచారణలు నిలబెట్టింది ఆ ఫాదర్లే. 1937లో బెజవాడ మేత్రాసనాన్ని స్థాపించి, పీమేకు చెందిన గ్రాస్సి గారిని మొదటి మేత్రాణులుగా నియమించారు. నేటి మన విజయవాడ మేత్రాసనం అదే.

పాఠకులారా, మన ఇళ్లకూ చీకటి పడుతుంది. అప్పు తీరదు, బిడ్డ పరీక్ష తప్పుతాడు, జబ్బు వదలదు. అప్పుడు కంగారుపడి అడుగు వేయకండి. పక్కవాణ్ణి నిద్రపోనివ్వకుండా, మీరూ మేలుకుని, తెల్లవారే వరకు పట్టు విడవకండి. ఎక్కడానికే కాదు, ఆగడానికీ ధైర్యం కావాలి.

1939 ఫిబ్రవరి 10న ఆయన కన్నుమూశారు. మన గుణదల ఉత్సవాల నడిమి రోజు అది. ఈసారి కొండెక్కినప్పుడు ఆయన కోసం ఒక పరలోక జపం చెప్పండి.