వాట్ వెనుక నిలిచిన బోల్టన్

ఆవిరియంత్రమనగానే మన విద్యార్థులకు జేమ్స్ వాట్ పేరు జ్ఞప్తికి వస్తుంది. కాగుతున్న నీటిపాత్ర మూత కదలడం చూచి అతడు యంత్రాన్ని కనిపెట్టినాడన్న కథ తరగతిగదులలో తరతరాలుగా వినబడుతున్నది. కాని వాట్ మనస్సులో ఊహ మెరసిన పిమ్మట పదేండ్లు గడచినా ఆ యంత్రం ఒక్క గనిలోనైనా నీరు తోడలేదు. దానిని లోకానికి అందించిన ఘనతలో సగం మాథ్యూ బోల్టన్ అనే వర్తకునిది.

బోల్టన్ 1728 సెప్టెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించినాడు. తండ్రి గుండీలు, బకిల్సు వంటి చిన్న లోహపు వస్తువులను చేయించి అమ్మేవాడు. కుమారుడు పదునైదవ యేట బడి చాలించి ఆ వృత్తిలోనే ప్రవేశించినాడు. 1759లో తండ్రి మరణించగా వ్యాపారభారమంతా అతనిపై బడినది.

ఆ కాలంలో బర్మింగ్‌హామ్ పనివారు ఎవరి కొట్టులో వారు పనిచేసుకొనేవారు. వారిని ఒక్క కప్పు క్రిందికి చేర్చవలెనని బోల్టన్ సంకల్పించినాడు. 1761లో ఊరి వెలుపల హాండ్స్‌వర్త్ బీడులో స్థలం కౌలుకు తీసుకొని, 1766 నాటికి సోహో కర్మాగారాన్ని పూర్తిచేసినాడు. దాని వస్తువులు యూరప్ అంతటా పేరుపొందినవి. అయితే కీర్తి వచ్చినంత త్వరగా లాభం రాలేదు. పైగా కర్మాగారాన్ని నడిపే నీటిచక్రం వేసవిలో వాగు సన్నగిల్లితే ఆగిపోయేది. ఈ ఇబ్బందియే అతని దృష్టిని ఆవిరివైపు మరల్చినది.

అప్పటికి వాడుకలో ఉన్న న్యూకొమెన్ యంత్రంలో ఒకే సిలిండరును మాటిమాటికి వేడిచేయడం, చల్లార్చడం జరిగేది. అందువలన బొగ్గు విపరీతంగా ఖర్చయ్యేది. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చినచో సిలిండరు ఎల్లప్పుడు వేడిగానే ఉంటుందని 1765లో గ్లాస్గోలో వాట్ గ్రహించినాడు. జాన్ రోబక్ అనే పారిశ్రామికుడు పెట్టుబడి పెట్టి, మూడింట రెండు వంతుల వాటా తీసుకొన్నాడు. 1769లో పేటెంటు లభించినది. కాని 1773లో రోబక్ దివాలా తీసినాడు. అతడు బోల్టన్‌కు 1,200 పౌనులు బాకీ. తక్కిన ఋణదాతలు ఆ యంత్రపు వాటాకు విలువ కట్టనేలేదు. బోల్టన్ మాత్రం బాకీకి బదులు ఆ వాటానే తీసుకొన్నాడు. ఇతరులకు పనికిరానిదిగా తోచిన దానిలో అతనికి భవిష్యత్తు కనిపించినది.

1774లో వాట్ బర్మింగ్‌హామ్ చేరినాడు. మరుసటి యేడు పార్లమెంటు పేటెంటు గడువును 1800 వరకు పొడిగించగా, ఇద్దరూ ఇరువదియైదేండ్లకు భాగస్వాములైనారు. జాన్ విల్కిన్‌సన్ కొత్త పద్ధతిలో తొలిచిన సిలిండర్లు చేతికి వచ్చిన పిదప, 1776లో వారి తొలి యంత్రాలు పనిచేసినవి.

వారు ప్రతిఫలం తీసుకొన్న పద్ధతి గమనింపదగినది. పాత యంత్రంతో పోల్చి చూడగా మిగిలిన బొగ్గు విలువలో మూడవ వంతు తమకు చెల్లించవలెనన్నారు. కార్న్‌వాల్ రాగిగనులకు బొగ్గు దూరం నుండి ఓడలమీద రావలసి ఉండుటచే అక్కడివారు ముందుగా ఈ యంత్రాన్ని ఆదరించినారు. ఏటేట చెల్లించవలసి వచ్చేసరికి ఆ ఆదరమే అలుకగా మారినది. ఈలోగా బోల్టన్ అప్పులలో కూరుకొనిపోయినాడు. వాట్ స్వభావతః నిరాశాపరుడు, తరచు తలనొప్పితో బాధపడేవాడు. అతనికి ధైర్యం చెప్పడం సైతం బోల్టన్ పనే అయినది. నీరు తోడడంతో సరిపెట్టక చక్రాలను త్రిప్పే యంత్రం కావలెనని పట్టుబట్టినవాడు బోల్టనే. 1781లో వాట్ దానిని సాధించినాడు. అంతటితో పిండిమరలకు, నూలుమిల్లులకు ఆవిరి ప్రవేశించినది.

1788లో బోల్టన్ సోహోలో ఆవిరితో నడిచే టంకశాలను నెలకొల్పినాడు. 1797లో బ్రిటిష్ ప్రభుత్వం కొరకు పెద్ద రాగి పెన్నీలు అక్కడే ముద్రితమైనవి. మన తెలుగునేలకును ఈ చరిత్రతో సంబంధం కలదు. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కొరకు 1794లో తెప్పించిన రాగినాణెములు సోహోలో తయారైనవే. అవి నలువదియెనిమిది కలిస్తే ఒక రూపాయి. కంపెనీ పాలన ఆ విధంగా మన కోస్తా సంతలలోని చిల్లరదాకా వ్యాపించినది.

బోల్టన్‌లో దోషం లేకపోలేదు. పేటెంటును అడ్డుపెట్టుకొని హార్న్‌బ్లోయర్ వంటి ఇతర కల్పకులను ఆ భాగస్వాములు న్యాయస్థానాలలో ఎదుర్కొన్నారు. 1800లో గడువు తీరిన తరువాతనే ఇతరుల ప్రయోగాలకు స్వేచ్ఛ లభించినది. అయినను పనివారి క్షేమం అతడు మరువలేదు. వారి వేతనం నుండి స్వల్పభాగం సేకరించి, జబ్బుపడినప్పుడు ఆదుకొనే సహాయనిధిని ఆ కాలంలోనే సోహోలో నడిపించినాడు.

1809 ఆగస్టు 17వ తేదీన బోల్టన్ మరణించినాడు. హాండ్స్‌వర్త్ చర్చిలో అతని సమాధి ఉన్నది. పదేండ్ల తరువాత వాట్‌ను కూడ అక్కడే ఖననం చేసినారు. 2011లో ఇంగ్లండు బ్యాంకు వెలువరించిన యాబది పౌనుల నోటుపై ఇద్దరి చిత్రాలు ప్రక్కప్రక్కనే చోటుచేసుకొన్నవి. 2022 వరకు అది చెలామణిలో ఉన్నది.

వాట్ కథ చెప్పే ఉపాధ్యాయులు బోల్టన్ పేరును కూడ చేర్చుట న్యాయం. మేధావికి ఊహ స్ఫురించడం ఒక యెత్తు, అది ఫలించేవరకు నష్టానికి ఓర్చి ఒకడు తోడుండడం మరొక యెత్తు అని విద్యార్థులు గ్రహిస్తారు.