ఏడుగురిని దించి వెళ్లిన 'లిబర్టీ బెల్'

అమెరికాలో అరోరా అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది బాలాజీ గుడి. ఇల్లినాయ్‌లోని ఆ ఊరి విమానాశ్రయం నుంచే 2011 జూన్ 13 ఉదయం 'లిబర్టీ బెల్' చివరిసారి గాలిలోకి లేచింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి నాలుగు ఇంజన్ల బి-17 బాంబర్ అది. ఏడుగురితో ఇండియానాపొలిస్‌కు బయల్దేరింది.

కొద్దిసేపటికే కాలుతున్న వాసన వచ్చింది. దగ్గరలో ఎగురుతున్న మరో పాత విమానం పైలట్ రెక్కకు నిప్పంటుకుందని రేడియోలో హెచ్చరించాడు. రన్‌వే దాకా తిరిగి వెళ్లే వ్యవధి లేదు. ఆస్వీగో దగ్గర మొక్కజొన్న చేనులో దించేశారు. ఏడుగురూ బయటపడ్డారు, ఒకరికి స్వల్ప గాయమైందంతే. చేను తడిగా ఉండడంతో అగ్నిమాపక వాహనాలు లోపలికి వెళ్లలేకపోయాయి. దించిన మనుషుల కళ్లెదుటే విమానం కాలిపోయింది.

బాంబర్ అంటే మనకూ చేదు జ్ఞాపకమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు కురిపించాయి. అలాంటి పనికే పుట్టినా, లిబర్టీ బెల్ యుద్ధంలో ఒక్క బాంబూ వేయలేదు. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో తయారై వచ్చేసరికి యుద్ధం ముగింపుకొచ్చింది. 1947లో తుక్కు కింద అమ్మేశారు. అదే ఏడాది ఇంజన్ల తయారీ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ కొనుక్కుంది. ముక్కు దగ్గర అయిదో ఇంజన్ బిగించి, సుమారు ఇరవై ఏళ్లు కొత్త ఇంజన్లను దాని మీదే పరీక్షించింది. తర్వాత కనెటికట్‌లోని బ్రాడ్లీ మ్యూజియానికి చేరింది. 1979 అక్టోబరు 3న వచ్చిన టోర్నడో మరో విమానాన్ని ఎత్తి దీని మీదికి విసిరితే నడుము విరిగింది.

అక్కడితో కథ ముగిసేదే. కానీ డాన్ బ్రూక్స్ దాన్ని కొని బాగుచేయించారు. ఆయన తండ్రి యుద్ధంలో 390వ బాంబర్ గ్రూపులో పనిచేసినవాడు. తండ్రి ఎగిరిన విమానం పేరే దీనికి పెట్టారు. 2004 డిసెంబరులో మళ్లీ ఎగిరింది. 2008లో అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ వెళ్లొచ్చింది. ఊరూరా తిరిగి, వయసు మళ్లిన యోధులకు యౌవనాన్నీ, వాళ్ల మనవలకు తాతల సాహసాన్నీ చూపించింది. ఇంగ్లండ్ నుంచి పోరాడిన అమెరికా ఎనిమిదో వైమానిక దళంలోనే 26 వేల మందికి పైగా చనిపోయారు. తయారైన బి-17లు 12,731. ఎగిరే స్థితిలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అందుకే ఈ ఒక్కటి పోయినా లోటు పెద్దది.

ప్రమాదానికి కారణం విధి కాదు. ఇంధన ట్యాంకు కారుతోందని అంతకుముందే గుర్తించి మరమ్మతు చేశారు. ఆ మరమ్మతు సరిపోలేదనీ, కారడం ఆగక నిప్పంటుకుందనీ అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. పాత విమానాన్ని ప్రేమించడమంటే ముందుగా దాని ప్రతి అతుకునూ అనుమానించడం. ఎనిమిదేళ్ల తర్వాత, 2019 అక్టోబరు 2న, ఆ మ్యూజియం ఉన్న బ్రాడ్లీ విమానాశ్రయంలోనే మరో బి-17 'నైన్-ఓ-నైన్' దిగుతూ కూలింది. అందులోని 13 మందిలో ఏడుగురు చనిపోయారు. అక్కడ ఏడుగురు పోయారు, ఇక్కడ ఏడుగురు బతికారు. ఆస్వీగో చేనులో పైలట్ తీసుకున్న నిర్ణయం విలువేమిటో ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. విమానాన్ని కాపాడుకోవాలన్న ఆశ వదులుకుని, మనుషుల్ని కాపాడుకోవాలని క్షణాల్లో తేల్చుకున్నాడాయన.

చంపడానికి తయారై, ఎవరినీ చంపకుండా, నమ్మి ఎక్కిన ఏడుగురినీ ప్రాణాలతో నేలకు అప్పగించింది లిబర్టీ బెల్. దానికీ, దాన్ని దించిన చేతులకూ మనసారా నమస్కారం.